అడుగు

కితాకమి నది మోకాళ్ళదాకా చలి.
మినోరి తాడు పట్టింది, నేను గెడ.
రెండేసి మీటర్లకోసారి ఆగి లోతు అరుస్తాను.
ఒడ్డున షుగో సగం తప్పుగా విని రాసుకుంటాడు.

ఇనప చట్రం ఇసుకలో అదిమి
లోపలున్నదంతా జల్లెడ పడితే
పదకొండు గుల్లలు, నల్లనివి, గోరంతవి.
వీపు మీది గీతలు లెక్కపెడితే వయసు.
ఒకటి మా చెల్లెలి ఈడుది.
కొలిచి, పేరడక్కుండా వదిలేశాం.

అవతలి ఒడ్డుకి దగ్గర్లో
గెడ ఉన్నట్టుండి జారిపోయింది,
చెయ్యి భుజందాకా మునిగినా
అడుగు తగల్లేదు.
"తప్పు! మళ్ళీ," అన్నాడు షుగో.
మళ్ళీ అంతే.

పొడుగు దంతెతో ఇసుక గీరుతున్న
కుమగాయ్ తాత పడవ ఆపాడు.
"అది మా బావి," అన్నాడు.
"పెద్ద అల వచ్చాక నేల కుంగింది,
నది ఇక్కడిదాకా జరిగింది."
కాసేపాగి,
"తియ్యటి నీళ్ళు," అన్నాడు,
ఇప్పటి ఉప్పుని ఉమ్మేస్తూ.

ఇంకేం అడగాలో తోచలేదు.
ఫారంలో బావికి గడి లేదు.
గుల్లలు: సున్నా. లోతు: ఖాళీ.

రాత్రి గ్రాఫు కాగితం మీద చుక్కలు కలుపుతుంటే
నది అడుగు మెల్లగా వంగుతూ, లేస్తూ వచ్చి
ఒక్కచోట
పెన్సిలు
కాగితం అంచు దాటి
బల్ల మీదికి దిగిపోయింది.