బెత్తెడు నీళ్లు

ఏడు నెలల జీతం బదులు
మా గురువులుకి ఓడనిచ్చాడు సేటు.
ఇచ్చాడని కూడా అనకూడదు.
బాహుదా మొగలో, బురదమీద ఒరిగి పడున్నదాన్ని
వేలెత్తి చూపించి
జీపెక్కి వెళ్లిపోయాడు.

యాభై రెండు అడుగులు.
ఇంజను గదిలో పీతలు,
వంటమూల కాకిగూడు.
ముక్కుమీద రంగు పెచ్చులూడి
సింధుప్రియలో సింధు రాలిపోయింది.
మిగిలినదాంతోనే పిలుస్తున్నాం, ప్రియ అని.

సోనాపురమంతా నవ్వింది.
పోలి వదిన చేపలగంప దించకుండానే అడిగింది:
"ఏటే దాలమ్మా, గోడల్నేని కొంపలో
దీపం ఏ మూలెడతావే?"

బరంపురం నుంచి దుర్యోధన మహారణా వచ్చాడు.
పేరుకి తగ్గ తొడలు లేవు పాపం,
ఎండు సావిడాయిలాంటి మనిషి.
చెవి ఆనించి, సుత్తిపిడితో తట్టి
బల్ల తర్వాత బల్ల విన్నాడు.
బోలుగా పలికిన చోటల్లా సుద్దముక్కతో గీత.
పొద్దుగూకేసరికి ఓడ ఒళ్లంతా గీతలే.
సగం ఒడియా సగం తెలుగులో చెప్పాడు:
"పురుగు తిన్నది తీసేద్దాం, దానికేం భయం లేదు.
ఎండనివ్వకు, అంతే.
నీళ్లలో ఉన్నంతకాలమే బల్లలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి."

నా కమ్మలు మూడు బల్లలయ్యాయి.
కుడివైపు, నీటిగీతకి కింద ఉంటాయవి,
ఎవరికీ కనపడవు.

సందుల్లో దూది కూరడం నేనే నేర్చుకున్నాను.
గట్టిగా కొడితే బల్ల చీలుతుంది,
మెత్తగా కొడితే నీళ్లు ఊరుకోవు.
ఎంత కొట్టాలో మహారణా చెప్పలేదు,
నా మణికట్టు పట్టుకుని
రెండు దెబ్బలు కొట్టించి వదిలేశాడు.
గుగ్గిలంలో సొరనూనె కలిపి కాచిన కంపు
జడలోంచి ఇప్పటికీ పోలేదు.
ఇచ్ఛాపురం బస్సులో
నా పక్కసీటు ఎప్పుడూ ఖాళీ.

జనాభా లెక్కల కుర్రాడు
ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, బురదలో దిగి వచ్చాడు.
"ఘర నంబర్ కేతే?"
గురువులు ముక్కు దగ్గరికి తీసుకెళ్లి
ఫిషరీసు వాళ్లు వేసిన నంబరు చూపించాడు.
ఎనిమిదంకెలు. గడిలో పట్టలేదు.
గోడలు? కర్ర.
నేల? కర్ర.
కప్పు? కర్ర.
నీటి వసతి? అన్నాడు.
మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు,
చూసుకుంటే నవ్వాగదు.

పుట్టింటి తాటాకు గుడిసె పైనుంచి కారేది.
ఇది కిందనుంచి.
గిన్నె పెట్టే చోటు మారింది, అంతే.

అమావాస్య పోటుకి మెరకమీదికి లాగి
పాటు తీసినప్పుడు అడుగు గోకుతాం.
ఆరుగంటలే టైము.
వెల్లకిలా పడుకుని, కళ్లల్లో నాచు రాలుతుంటే,
అతనటు నేనిటు.
గోకిన గుల్లలు తట్టలకెత్తి దిబ్బమీద పోస్తే
తర్వాతి అమావాస్యకి మళ్లీ అన్నే ఉంటాయి.

ఒకసారి పదకొండు రోజులు మాట్లాడుకోలేదు.
కారణం గుర్తులేదు.
నీళ్లు తోడే వంతు మాత్రం తప్పలేదు.
నడిరాత్రి అతను నన్ను లేపేవాడు కాదు,
ఖాళీ డబ్బా బల్లకేసి చప్పుడు చేసేవాడు.
నేను లేచేదాన్ని.

ఇప్పుడు వెరావల్‌లో
ఇంకెవరి ఇంజనో చూసుకుంటున్నాడు.
రంగు డబ్బాలకీ రాగిమేకులకీ
ఇక్కడి వేట చాలటంలేదు.
రాత్రి తొమ్మిది దాటాక ఫోను.
తిన్నావా అనడు, ఎలా ఉన్నావనడు.
"ఎంతుంది?" అంటాడు.

పలక ఎత్తి అడుగులోకి కర్ర దింపుతాను.
తడి ఎక్కడిదాకా వచ్చిందో
టార్చి వేసి చూస్తాను.
"బెత్తెడు."
"సరే," అంటాడు. కాసేపు
అటు సముద్రం, ఇటు సముద్రం.
పెట్టేస్తాడు.

నిన్న జానెడుంది.
బెత్తెడే అన్నాను.
ఫోను కొంగున ముడేసుకుని
డబ్బా పట్టుకుని దిగాను.