పదిహేను అంగుళాలు

పది పెడితే దెబ్బ పదునుగ పడతది,
పన్నెండు చాలంటరు అందరు.
పదిహేనుకు డబ్బా పెద్దగుండాలె,
ఊపిరాడకుంటే ఎంత పెద్ద కోనైనా దగ్గుడే.
షార్జా ఇండస్ట్రియల్ ఏరియాల
తొమ్మిదేండ్లసంది ఇదే చెప్తున్న.

ఖల్ఫాన్ ముసలాయన వినలే. వినబడదు.
లాంచి ఇంజను పక్కన ముప్పై ఏండ్లు;
చెవులు సముద్రంలనే దిగబెట్టొచ్చిండు.
పదిహేనే అని రెండు చేతులు చాపిండు.

వెనక సీటు పీకి డబ్బా బిగించిన.
ఏ పాట పెట్టాలె, సైగ చేస్తే
ఫోనిచ్చిండు. పాట లేదు.
డీజిల్ ఇంజను, డుబ డుబ డుబ.

డ్యాష్‌బోర్డు మీద నా సులేమానీ చాయ వణికింది.
ఆయన వీపు సీటుకు ఆనించి
కండ్లు మూసి
స్టీరింగు కొంచెం ఎడమకు తిప్పిండు.

బండి కదలలే.
నేను గెయిన్ మీద స్క్రూడ్రైవర్ పెట్టి
ఇంకో గీత ఎక్కించిన.