నల్లజీడి గుర్తు

టేకు దిమ్మతో దుప్పటినిండా
నలభై రెండు చేదుపరిగెలు అద్దాను.
మొదటి ఉతుకులోనే ఈదుకుంటూ పోయాయి.
రత్నకుమారి టీచరు ఫోను చేసింది:
"మీ చేపలు మా ఆయన తెల్లచొక్కాలో తేలాయండీ,
అక్కణ్ణించి మాత్రం పోవట్లేదు."

పాత పంచెలో మూటగట్టి తిప్పి పంపింది.
ఆ పంచె మూల
మూడు చుక్కలు, ఒక అడ్డగీత.
పంచె పిగిలిపోయింది గానీ
గీత నిన్న గీసినట్టుంది.

రాజోలు కాలవ రేవులో
తాతబ్బాయిని అడిగాను.
"నల్లజీడి పిక్కని సూదితో గుచ్చి
గుర్తెట్టి, పైన తడిసున్నం. అంతేనండి.
చేతికంటితే పుండే.
గుడ్డకీ కాస్త మంటెట్టాలండి,
ఊరికే కూచోబెడితే రంగు
చుట్టంలా లేచెళ్ళిపోద్ది."

జీడి జోలికి పోలేదు.
కొత్త దుప్పటి, మళ్ళీ నలభై రెండు.
శ్రావణమాసం, ఉప్పుడబ్బాలో కూడా నీరూరే నేల,
నాలుగు రోజులు ఫ్యాను కింద ఆరేశాను.
తిరగేసి, పైన పల్చటి గుడ్డ పరిచి
ఒక్కో చేప వీపు మీద
మూడు నిమిషాలు ఇస్త్రీపెట్టె.

"ఉతుకు" అన్నాను.
జాలి లేకుండా బాదాడు.
కాలవ నిండా ఎర్రనీరు.
ఎత్తి పిండి దులిపితే
నలభై ఒకటి.

కరెంటు పోయినప్పటిది ఆ ఒక్కటీ.

నేనేం అడగలేదు.
తాతబ్బాయే ఆ ఖాళీలో
సూదితో రెండు చుక్కలు పెట్టి
పక్కన చిన్న కొక్కెం గీశాడు.
"ఇది మీ ఇంటిదండి."