గ్లౌజులు తీయకుండా

ఎక్కించడం ఎవడైనా ఎక్కిస్తాడు,
తీయడం సంగతి చూడు, అంది ఐజార్కిన్.
పశువుల డాక్టరమ్మ.
మాట కంటే ముందు ఆమె చెయ్యి పనిలో ఉంటుంది.
గ్లౌజులు తీయకుండా ఊడిరావాలి సంచులు.
దారి అయిపోయే చోట
వేళ్లు నా మాట వినవు, అంది.

బండి పాత రష్యాది, నాకంటే రెండేళ్లు పెద్ద.
వెనక మడ్‌గార్డు బోల్టులు
రాత్రంతా కిరసనాయిలు తాగి
తెల్లారాక ఒక్కొక్కటే మూలుగుతూ కదిలాయి.
నారిన్‌లో మా షెడ్డు పాత కంటెయినరు,
చలికి దాని రేకులూ అలాగే మూలుగుతాయి.

కొలిచాను.
అడ్డొచ్చిన ఇండికేటర్లను నాలుగు వేళ్లు వెనక్కి జరిపాను.
గోతిలో పడితే షాకబ్సార్బరు కుంగే మేర వదిలాను.
కుడివైపు సైలెన్సరు. అక్కడ జానెడు ఖాళీ.
అందుకే కుడి సంచి కాస్త బయటికి ఉంటుంది
ఒక చెవి రిక్కించిన కుక్కలాగ.

ఎడమవైపు మంచుడబ్బా, అందులో టీకాలు.
కుడివైపు సూదులు, దారం, రొట్టె,
అడ్డం తిరిగిన దూడను లాగే గొలుసు.
బరువెంత, అని అడిగాను.
పోయేటప్పుడా వచ్చేటప్పుడా, అని అడిగింది.

మొదటిసారి జానెడు చాల్లేదు.
కాలిన తోలు వాసనతో తిరిగొచ్చింది.
రెండోసారి పిన్నులు.
ఒకటి కొండకిచ్చాను, ఒకటి ఏటికిచ్చాను, అంది.
ట్రాక్టరు పిన్నులు తెచ్చి
బొటనవేలు గ్లౌజుతో సహా దూరేంత
రింగులు వేసి అతికించాను.
కళ్లు మూసుకుని లాగింది.
నాలుగు లెక్కపెట్టేలోపు రెండు సంచులూ ఆమె భుజం మీద.
నేను టీ పోశాను. గెలిచాననుకున్నాను.

మూడోసారి వచ్చినప్పుడు
బండి బాగుంది, సంచులు బాగున్నాయి,
ఆమె మొహం బాగాలేదు.
దారి అయిపోయే చోట గుర్రం ఎదురొస్తుంది.
దాన్ని ఎల్చిబెక్ కొడుకు తోలుకొస్తాడు.
సంచులు దాని మీదికెక్కాలి.
నీ కొక్కేలు దాని డొక్కలో దిగాయి,
అని సంచి వెనక్కి తిప్పి చూపించింది.
ఇనుము మీద గోధుమరంగు వెంట్రుకలు.
చిన్న నెత్తుటి చార, ఎండిపోయి.

నీ కొలతల్లో గుర్రం లేదు, అంది.

జీనుసంచి, జీనుసంచి అని నెలరోజులుగా అంటున్నానే,
జీను ఉండేది దేనిమీదో మరిచాను.
గోడకు వేలాడుతోంది మా అవ్వ నేసిన కుర్జూన్,
రెండు కడుపులు, మధ్యన ఒక పట్టీ.
ముప్పై ఏళ్లుగా నా స్పానర్లు దాంట్లోనే.
స్పానర్లన్నీ నేలమీద బోర్లించి
మొదటిసారి దాని వీపు తడిమి చూశాను.
ముడి లేదు, కుట్టు పొడుచుకు రాలేదు.
గుర్రానికి తగిలే వైపంతా
పాప బుగ్గలా ఉంది.

మళ్లీ కోశాను.
ఇనుమంతా బండికే వదిలాను,
కొక్కెం, పట్టీ, పిన్ను, శబ్దం.
సంచి వీపుకి దట్టమైన నమదా.
పైన రెండు తోలు ఉచ్చులు, అంతే.
డబ్బులివ్వబోతే వద్దన్నాను.
గుర్రానికి బాకీ, అన్నాను.
ఆమె నవ్వలేదు. సరే, అంది.

మొన్న సిలిండర్లు దించడానికి పోయి
దారి అయిపోయే చోట చూశాను దాని బండిని.
సంచుల్లేవు. రెండు రాత్రుల మంచు సీటు మీద.
ఖాళీ కొక్కేలు రెండూ గాలిలోకి చాచి ఉన్నాయి.
డెక్కల గుర్తులు పైకి పోయాయి, తిరిగి రాలేదు ఇంకా.
కుడివైపు కొక్కేనికి
గుడ్డలో మూటకట్టిన ఎండు పెరుగుండలు
ఎవరో తగిలించి పోయారు.
ఏ పశువుదో ఫీజు.

ముడి పెద్దగా వేశారు,
గ్లౌజులు తీయకుండా విప్పేలాగ.