అమెరికా తాడు

మా బిస్లామాలో తీగకీ తాడుకీ ఒకటే మాట.
అందుకే తారివూతి తాతయ్య దాన్ని అమెరికా తాడు అంటాడు.
చాటంత ఆకులతో కొబ్బరిచెట్ల మీదికి పాకి
పీకలు నొక్కేసి, చివరికి
తోటకి తోటనే దుప్పటి కప్పిన శవంలా పడుకోబెడుతుంది.

"ఓడలు వచ్చినప్పుడు నాకు పదకొండేళ్ళు" అంటాడు.
"సెగాండ్ జలసంధి నిండా ఓడలే.
కాలు తడవకుండా అవతలి ఒడ్డుకి పోవచ్చనిపించేది.
పైనించి ఎవడూ చూడకూడదని
ఫిరంగుల మీద వలలు, వలల మీద కొమ్మలు.
కోసిన ఆకు రెండు రోజులకే ఎర్రబడి గుట్టు బయటపెట్టేది.
అందుకని వాడిపోని తీగని ఎక్కణ్ణించో తెచ్చి నాటారు.
నా కళ్ళారా చూశాను."

నాటడం ఎలా చూశావు తాతయ్యా అంటే
క్రేన్ నడిపిన సైనికుడి గురించి చెప్తాడు.
అతని చేతులు అచ్చం తన చేతుల్లా నల్లగా ఉండేవట.
ఆ చేతులు ఒక్క మీట లాగితే
లారీ గాల్లోకి లేచేదట.
తీగ సంగతి ఇక రాదు.

సువా నుంచి అసెనదా మేడమ్ వచ్చింది.
సరకతా ఏరు వెనక చిత్తడిలో
ఇనుపగొట్టం దింపి, నేను పట్టుకుంటే, మెల్లగా పైకి లాగింది.
నల్లటి బురద, పొడుగ్గా, అరలు అరలుగా.
జానెడు లోతులో సన్నటి తుప్పు చార: "ఇదుగో మీ యుద్ధం."
మూరెడు లోతులో బొగ్గు: ఎవరో పోడు కొట్టుకున్నారు.
ఇంకా కింద
మనిషి వాసనే లేని చోట
నెలల తరవాత ఆమె అద్దాల కింద దొరికింది,
అదే తీగ పుప్పొడి.

"మీదే ఇది. మీకంటే ముందుది" అంది.
"అడవి నీడలో కాళ్ళు ముడుచుకుని
ఎన్ని వేల ఏళ్ళు కూర్చుందో.
విమానాలు దిగడానికి చెట్లు కొట్టారు కదా,
అప్పుడు ఎండ తగిలి ఒళ్ళు విరుచుకుంది."

మరి ఓడల్లో వచ్చిందేది మేడమ్?

ఆమె నా మోకాలి వంక చూసింది.
గొట్టం గీరుకున్న చోట
ఆకు నమిలి పెట్టుకున్నాను, దారి పక్కన
చిన్న తెల్లపూలు పూసేదాని ఆకు.
"అదే కావచ్చు" అంది.
"బూటు అడుగు బురదలోనో, టైరు గాట్లోనో.
ఎవరూ తేలేదు. వచ్చింది."

నెత్తురు ఆగిపోయి ఉంది.
మాలెకులాలో పుట్టిన అమ్మమ్మ
ఆ ఆకుని ఒక పేరుతో పిలిచేది.
ఆమె భాషలో నాకు మిగిలినవి ఏడెనిమిది మాటలు,
వాటిలో ఇదొకటి.

సాయంత్రం నకమల్లో, కావా చిప్ప ఎత్తకముందే చెప్పేశాను.
తాతయ్య చాలాసేపు మాట్లాడలేదు.
"అయితే ఓడలు ఏం దింపినట్టు?"
ఎండ, అన్నాను.

చిప్ప గడగడా తాగి, ఉమ్మి, చీకట్లోకి చూశాడు.
"పోయేటప్పుడు అన్నీ సముద్రంలో తోసేశారు.
జీపులు, బుల్‌డోజర్లు, సీల్ విప్పని నట్ల పెట్టెలు.
మాకు ఒక్క మేకు కూడా దక్కనివ్వలేదు.
ఎండని మాత్రం మరిచిపోయారు."

తెల్లారి కత్తి తీసుకుని తోటలోకి వెళ్ళాడు.
నేను వెనకే.
తీగ ముందు కాసేపు నిలబడ్డాడు,
చుట్టరికం ఇవాళే తెలిసినవాడిలా.
ఏం పిలవాలో తోచినట్టు లేదు.
ఆఖరికి పళ్ళు బిగించి ఒక్క వేటు వేసి తిట్టాడు.

ఆ తిట్టు ఇంగ్లీషుది.
అది మాత్రం ఖాయంగా ఓడలోనే వచ్చింది.