రెండు నాలాలు

దెగ్లూరు మోండా వెనక, బెల్లం దుకాణం మెట్టు పక్క
నా సుత్తె, నా పట్టకారు, ఒక సంచి మొలలు.
మంగళవారం పొద్దుగాల నీలూబాయి వచ్చింది
మాళేగావ్ జాతరల కొన్న కుమ్మైతు ఆడగుర్రాన్ని నడిపించుకుంట.
"మామా, నలభై కిలోమీటర్ల దాక గాలే ఇది.
ఆ తర్వాత ఎడమకాలు బరువైతది.
పందెం ఇంక పదిహేను రోజులే."

దుడ్కీ తీయమన్న. చూసిన.

మోకాళ్లు రొమ్ముదాక లేపే గుర్రాలను జూసి
పెళ్లి బ్యాండోళ్లు మురుస్తరు.
ఎనభై కిలోమీటర్ల తొవ్వకు అవి పనికిరావు:
పైకి లేపిన ప్రతి జానా
కింద నల్లరాయికి కట్టాల్సిన సుంకం.
ఇది అట్ల కాదు.
గడ్డికొసలు నిమిరే అడుగు.
ముందు కుడి, వెనక ఎడమ ఒక్కసారి,
తర్వాత ఆ జత, మళ్లీ ఈ జత,
మగ్గంల నాడె ఇటటు తిరిగినట్టు
టక్కు, టక్కు,
నడుమ గుర్రం కింద రవ్వంత ఆకాశం.

దుడ్కీల తప్పు లేదు.
ముందు నాలాలు రెండూ ఊడదీసి
శెట్టి తక్కెట్ల చెరో దిక్కు వేసిన.
ఎడమది తేలిక.
సరితూగేదాక చింతగింజలు వేసింది నీలూ.
పదకొండు.

"బిడ్డా, నువ్వు జీను మీద లేస్తవ్, కూసుంటవ్.
ఏ కాలు ఆనినప్పుడు కూసుంటున్నవ్?"
"తెల్వదు మామా. లేస్త, కూసుంట. అంతే."
"దానికి తెలుసు.
కొన్ననాటి సంది నీ యాభై రెండు కిలోలు
ఎడమకాలు ఆనినప్పుడే దాని మీద పడుతున్నయ్.
ఊరూరికీ ఒకసారి, ఒక్క టక్కు ఎక్కువ కూసో.
ఆ తర్వాత లే. జత మారుతది."

పోరికి కోపమొచ్చింది.
కొత్త నాలాలకు పైసలిచ్చి, మాట్లాడకుండ పోయింది.

పందెం నాడు బిలోలి తొవ్వల
బకెట్ నీళ్లు పట్టుకొని నిలబడ్డ.
జొన్నచేల అవతల మనిషి కనబడకముందే
దుడ్కీ చెవికొచ్చింది.
టక్కు టక్కు టక్కు టక్కు
ఒక్కచోట జీనుతోలు కిర్రుమన్నది,
ఆగింది, సదురుకున్నది.
గుర్రం మాత్రం తాళం తప్పలే.
ఒక్కణ్నే నవ్విన.

డాక్టరు పక్కటెముకల మీద గొట్టం ఆనించిండు.
నేను బకెట్ దించేలోపు
దాని గుండె అరవైకి దిగింది.
ఎత్తుమోకాళ్ల తెల్లగుర్రం అప్పటికే లారీ ఎక్కి
గోనెసంచుల నడుమ తల దించుకొని ఉన్నది.

నీలూ తొమ్మిదోది వచ్చింది.
అడగకముందే శెట్టి తక్కెడ బయట పెట్టిండు.
ఈసారి తేడా మూడు గింజలు.

"ఇంక మూడెందుకు మామా?"

అంగీ గుండీ విప్పి నా భుజాలు చూపించిన.
నలభై ఏండ్ల సుత్తె దెబ్బకు
కుడిది రెండువేళ్లు కిందికి జారింది.
"మూడేనా," అన్న. "ఉండనీ."