ముందే ఉన్న శబ్దం

నేను చెవి పరీక్షలు చేస్త.
కోఠి దవాఖానల, గోడలకు మెత్తలు కొట్టిన చిన్న గదిల
పిల్లల చెవులల్లకు సన్నటి ఈలలు పంపి
"వినిపిస్తే చెయ్యి లేపు బిడ్డా" అంట.
పదకొండేండ్ల సంది ఇదే పని.
శబ్దం యాడ మొదలైతదో యాడ ఆగిపోతదో
కాయితం మీద గీత గీసి చూపిస్తేనే జీతం.

అందుకే చెప్తున్న, రాసుకోండి.
పోయిన ఆగస్టు ఆరు, పొద్దుగాల తొమ్మిదింబావు.
హబ్సిగూడ సిగ్నల్ దాటినంక
మూడో గేరు నుంచి నాలుగుకు మార్చంగ
మొదటిసారి విన్న.
ఇత్తడి చెంబుల గులకరాయి తిరిగినట్టు.
ఐదో తారీఖు లేదది.

కారు పాతదే, కాదన్ననా?
రెండు చేతులు మారినంకనే కొంపల్లిల కొన్న.
ఎడమ తలుపు మీద ఏ పిల్లనో
తాళంచెవితో చెక్కి వదిలేసిన సగం పేరు, "స్వా".
అమ్మినాయన దాని మీద చెయ్యి అడ్డం పెట్టుకొనే
రెండొందల తనిఖీల కాయితం చూపిచ్చిండు.
అన్నీ పచ్చ టిక్కులే, వానకాలం గడ్డి లెక్క.
ఇంకో పద్నాలుగువేల తొమ్మిదొందల తొంభైతొమ్మిది కడితే
రెండేండ్లు గుండె మీద చెయ్యేసుకొని పండుకోండి మేడం, అన్నడు.
పదిహేనువేలు ఇచ్చిన.
ఆ ఒక్క రూపాయి ఇంకా రాలే.

నాచారంల లతీఫ్ భాయ్ గేర్‌బాక్సు కింద టార్చి పెట్టి
"దీనికి నేను కాదమ్మా, పండ్ల డాక్టర్ కావాలె" అన్నడు.
అరవై ఎనిమిది వేల నాలుగొందలు.
వారంటీ ఉన్నది కదా అని నవ్విన నేను.
గా నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గైతది.

కంపెనీ మనిషి వచ్చి ఆరు నిమిషాలు చూసిండు,
అండ్ల రెండు నిమిషాలు ఫోన్ల మాట్లాడిండు.
మొదటి జవాబు: నూనె లేటుగ మార్చినరు.
బిల్లు పంపిన.
రెండో జవాబు: అరుగుదల సహజం.
ఏడు నెలలకా, అన్న.
మూడోది: ఈ లోపం మీరు కొనకముందే ఉన్నది.

ముందే ఉన్నదట!
మరి ఆ పచ్చ టిక్కు ఎవ్వరిది సారూ,
మీదా, నాదా, తలుపు మీది ఆ సగం పేరు పిల్లదా?
టోల్‌ఫ్రీ నంబరు నాకు జవాబుగ
నలభై నిమిషాలు పిల్లనగ్రోవి వినిపిచ్చింది.

వినియోగదారుల కమిషన్ల మూడో వాయిదా.
"దొంతి సునంద!" అని పిలిస్తే లేచిన.
వాళ్ల వకీలు, మీసం ఇంకా సరిగ్గ రాని పిలగాడు, అన్నడు:
శబ్దం ముందునుంచే ఉండొచ్చు సార్,
ఈమెకు వినబడకపోయి ఉండొచ్చు.

నాకు!

కోపం గొంతు దాకా వచ్చింది గని
ఫోన్ తీసి, రికార్డు చేసిన చప్పుడు పెట్టిన.
పైన ఫ్యాను కిర్రుమంటున్నది.
పెద్దసారు ఫోన్ చెవికి ఆనిచ్చుకున్నడు.
"ఏమీ లేదు కదమ్మా, ఒట్టి బండి చప్పుడే."
పిలగాడు ఫైలు మూయబోయిండు.

అప్పుడు చూసిన.
పొద్దటి సంది ఎవరు మాట్లాడినా
సారు తల కుడిపక్కకే తిప్పుతున్నడు.
పిట్టల కూతలు, పసిపిల్లల స, శ
ఎన్నడో రాలిపోయి ఉంటయి ఆ ఎడమ చెవినుంచి.
చెప్పొచ్చో చెప్పొద్దో.
ఇంటోళ్లు గుడ ఎరుగరేమో.

"సార్, ఈసారి కుడి చెవికి పెట్టుకోండి," అన్న మెల్లగ.

హాలంత గమ్మునైంది.
ఆయన నా దిక్కు చూసిన చూపు
కోపమా, భయమా, నాకు తెల్వలే.
ఫోన్ చెయ్యి మారింది.

మూడో గేరు.
నాలుగు.
బల్ల మీద ఆయన చూపుడువేలు
తనకు తెల్వకుండనే కొంచెం లేచింది.

మళ్లీ వచ్చే నెల పదకొండుకు వాయిదా.
మెట్లు దిగుతుంటే పిలగాడు ఉరికొచ్చి
"మేడం, మా అమ్మకు టీవీ సౌండ్ బాగ పెంచుకునే అలవాటు" అన్నడు.
మంగళవారం తీస్కరా, అన్న.
చీటీ పది రూపాయలు.